దేవుడి పిడికెడు

మంచులో పొగ వాసన.

పొయ్యి పొగ. తడి కట్టె పొగ. ఎవరో ఊదుతున్నారు, అంటుకోవడం లేదు... ఆ వాసన.

మా ఊళ్ళో పొయ్యిలన్నీ నాకు తెలుసు. ఏ ఇంటి పొగ ఎటు వాలుతుందో కూడా తెలుసు. ఈ పొగ మా ఊరిది కాదు.

ఇది కొండ జారిన వైపు నుంచి వస్తోంది.

అక్కడ ఇల్లు లేదు. చెట్టు లేదు. దారి కూడా లేదు. బుధవారం మధ్యాహ్నం దాకా ఉండేది. ఆ తర్వాత లేదు.

అయినా రోజూ వంట వేళకి అక్కడ ఎవరో పొయ్యి వెలిగిస్తున్నారు.

నా పేరు పార్ సుంగ్. యాభై ఆరేళ్ళు. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది. "మొగుడు పోయాడు గానీ నీ నోరు పోలేదే" అంటుంది పక్కింటి సూయి చిన్. నిజమే. ఆ నోటికి భయపడే మా చర్చి సంఘంవాళ్ళు నాకు బియ్యం పని అప్పగించారు.

మా కొండల మీద ఒక పద్ధతి ఉంది. అన్నం వండబోయే ముందు, బియ్యం కడగకముందు, ఆడమనిషి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. అది దేవుడిది. ఇంట్లో పదిమంది ఉన్నా పిడికెడే. ఒక్కతే ఉన్నా పిడికెడే. కరువులోనూ పిడికెడే — పిడికిలి కాస్త బిగుసుకుంటుంది, అంతే.

శనివారం శనివారం నేను సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాను. నూకలు పోస్తే ఊరుకోను. "ఏమే, మీ ఆయనకి గింజలూ దేవుడికి నూకలూనా?" అని గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతాను. తెచ్చినదంతా మందిరం వెనకగదిలో రేకు డబ్బాలో పోసి తాళం వేస్తాను. తాళంచెవి నా మెడలో.

కానుక కుండలో పడిన గింజ మళ్ళీ మన కుండలోకి రాకూడదు. అమ్మ నేర్పింది అది. ఏడేళ్ళప్పుడు ఆకలికి ఆగలేక ఆ కుండలో చెయ్యి పెడితే, గరిటె తిప్పి వేళ్ళ మీద కొట్టింది. కొట్టి, తనూ ఏడ్చింది.

అది పరిశుద్ధం. ముట్టకూడదు.

నాకు అంతవరకే తెలుసు. ముట్టకూడదని తెలుసు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

బుధవారం.

వాన. ఊరు ఖాళీ. కొత్త మందిరానికి బల్లలు కోయడానికి మగవాళ్ళు అడవికి పోయారు. ఆడవాళ్ళు మొక్కజొన్న చేలల్లో ఉన్నారు. ఆదివారం మందిర ప్రతిష్ఠ. నేను ఒక్కదాన్నీ కొత్త నేల తుడుస్తున్నాను. మూడోసారి తుడుస్తున్నాను.

తలెత్తితే — మంచులో మనుషులు.

చప్పుడు లేకుండా వచ్చారు. కుక్క కూడా మొరగలేదు.

పదకొండు మంది. లెక్కపెట్టాను, నాకది అలవాటు. ఏటి అవతల ఊరట. ఊరిని సైనికులు కాల్చేశారట. ఒక ముసలాయన చేతికర్రలా రోకలి పట్టుకుని నిలబడ్డాడు. ఇల్లు మండుతుంటే చేతికి అదే దొరికిందట. ఒక పిల్ల ఒంటికాలికే చెప్పు వేసుకుంది. ముందు నిలబడ్డ ఆవిడ పేరు జింగ్ తియల్. ముప్పై ఉంటాయేమో. వీపున శాలువాలో పసిబిడ్డ. బిడ్డ దగ్గుతోంది. చిన్న దగ్గు... పిల్లి తుమ్మినట్టు.

"అక్కా, బియ్యం ఉంటే కాస్త పెట్టు. పిల్లలు మూడు రోజుల్నించీ అడివి దుంపలే తింటున్నారు."

"ఇంట్లో బియ్యం లేవమ్మా. నేనే గటక తాగి బతుకుతున్నా."

పూర్తిగా అబద్ధం కాదు. కోతలకి ఇంకా రెండు నెలలుంది. ఇంట్లో అడుగున మిగిలిన బియ్యం పూటకో పిడికెడు కానుకకే తీస్తున్నాను. నేను మొక్కజొన్న గటక తాగుతున్నాను. అందుకు నాకు లోలోపల గర్వంగా కూడా ఉంది.

ఆమె నా భుజం మీదుగా వెనకగది వైపు చూసింది. తలుపు తీసే ఉంది. డబ్బా కనిపిస్తోంది.

"అందులోవో?"

"అవి దేవుడివి."

వాన చుక్క ఆమె కనుబొమ్మ మీంచి జారింది.

"సరే అక్కా. దేవుడివి మేమెట్లా అడుగుతాం?"

ఎదురు చెప్పి ఉంటే బాగుండేది. నేను తిట్టేదాన్ని. తిట్టాక మనసు కరిగేది. నా సంగతి అంతే, ముందు నోరు, తర్వాత గుండె. ఆమె ఎదురు చెప్పలేదు. నా గుండెకి వంతు రాలేదు.

వాన తగ్గేదాకా లోపల కూచుంటామని ముసలాయన గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. మోకాళ్ళదాకా బురద. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇంకా ప్రతిష్ఠ కాలేదు తాతా. ఇప్పుడే తుడిచాను."

ఆయన అడుగు వెనక్కి తీసుకున్నాడు. అడుగుపడ్డ చోట బురదని రోకలి కొసతో గీకి శుభ్రం చేశాడు కూడా.

దేవుడా. శుభ్రం చేశాడు!

ఉడికించిన మొక్కజొన్న కంకులు నాలుగు ఇచ్చాను. వేడినీళ్ళు ఇచ్చాను. దారి చూపించాను. "ఈ కొండవార దారినే పోండి. రెండు గంటల్లో సాంగ్‌తే వస్తుంది. అక్కడ పెద్ద సంఘం. మా పాస్టరుగారు కూడా అక్కడే ఉన్నారు. వాళ్ళు చూసుకుంటారు."

వెళ్ళారు. ఒకరి వెనక ఒకరు. మంచు ఒక్కొక్కరినే తీసుకుంది. చివర రోకలి... తర్వాత దగ్గు... తర్వాత ఏమీ లేదు.

గంట తిరక్కుండానే కొండ జారింది.

మొదట గాలి ఆగింది. తర్వాత నేల కడుపులో ఏదో తిప్పినట్టయింది. తర్వాత చప్పుడు. ఆ చప్పుడు ఎంతసేపు వచ్చిందో చెప్పలేను. నేను చేతిలో తుడుపుగుడ్డతో అలాగే నిలబడి ఉన్నాను.

సాయంత్రం సంఘపెద్ద హ్రాంగ్ కియో తాత అడిగాడు — "అటు ఎవరైనా పోయారా?"

"పదకొండు మంది. ఏటి అవతలివాళ్ళు."

"ఎప్పుడు?"

"ముందే."

ఎంత ముందో చెప్పలేదు. ఏమడిగారో చెప్పలేదు. నేనేమన్నానో అసలే చెప్పలేదు.

మగవాళ్ళు జారిన అంచుదాకా పోయి కేకలేశారు. కొండ వాళ్ళ కేకలు వాళ్ళకే తిప్పి పంపింది. మట్టి ఇంకా కదులుతోందన్నారు. అడుగు వేస్తే మింగేస్తుందన్నారు. సాంగ్‌తేకి కబురు చేద్దామంటే ఫోన్లు పనిచెయ్యక రెండేళ్ళయింది.

"దాటేసే ఉంటారు" అన్నాడు తాత. "దేవుడు దాటించే ఉంటాడు."

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

గురువారం పొగ కనిపించింది.

జారిన కొండ మధ్యలో. ఎర్రమట్టి మీద, మంచులోపల, బూడిద రంగు గీత.

శుక్రవారం పొగతో పాటు చప్పుడు. దంపుడు చప్పుడు. దుబ్... దుబ్... దుబ్. ఆగి ఆగి. ముసలి చేతుల దంపుడు.

శనివారం దగ్గు.

అంత దూరం నుంచి పసిబిడ్డ దగ్గు వినపడదు. నాకు తెలుసు. కానీ విన్నాను. సూయి చిన్ కూడా విన్నది. గోంగూర తుంచుతున్న చేతులు ఆగిపోయాయి ఆమెకి. నా మొహం చూసి, గబగబా మళ్ళీ తుంచడం మొదలెట్టింది.

ఊళ్ళో అటువైపు కిటికీలన్నీ మూసేశారు.

పూర్వం మా అవ్వల కాలంలో, చెడ్డ చావు చచ్చినవాళ్ళని ఊరి బయట పాతిపెట్టేవాళ్ళట. ఆ పాతిపెట్టే దిక్కు కూడా లేనివాళ్ళు ఆకలితో తిరుగుతారట. వంట వేళకి పొయ్యి వెలిగిస్తారట. వండడానికి ఏమీ ఉండదట. ఆ పొగ చూసి జాలిపడి పలకరిస్తే, వెంట వచ్చేస్తారట.

మేం క్రైస్తవులమై నూరేళ్ళు దాటింది. నూరేళ్ళ భక్తి ఒక్క పొగకి కిటికీలు మూసుకుంది.

ఆ శనివారం పొద్దున్నే నేను ఎప్పటిలాగే బియ్యంలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాను. కానుక కుండ మీద చెయ్యి పెట్టాను.

పిడికిలి తెరుచుకోలేదు.

రెండో చేత్తో ఒక్కొక్క వేలే విప్పాల్సి వచ్చింది. లోపల గింజలు తడిగా ఉన్నాయి. ఎర్రగా ఉన్నాయి.

మా ఊరి మట్టి నల్లన. కొండ కడుపులో మట్టి ఎర్రన. నా చేతికి ఎక్కడ అంటింది? నేను కొండవైపు పోనేలేదు. బుధవారం నుంచీ ఊరి పొలిమేర దాటడానికే భయపడుతున్నాను.

ఆ గింజలు ఎక్కడ పారెయ్యాలో తెలియక, లుంగీ అంచున కట్టుకుని రోజంతా తిరిగాను.

ఆదివారం తెల్లారింది.

మంచు ఊరి మధ్యకి వచ్చేసింది. అడవిదున్నని కోశారు. పెద్ద గుండిగల్లో ఎసరు పెట్టారు; దేవుడి విందు కాబట్టి వండేది కానుక బియ్యమే. పాస్టరుగారు అవతల చిక్కుకున్నారు కాబట్టి హ్రాంగ్ కియో తాతే ప్రతిష్ఠ జరిపించాలి. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, కంగారుగా ఉన్నాడు.

"పార్ సుంగ్! డబ్బా తియ్యి. ఎసరు మరుగుతోంది."

తాళం తీశాను. డబ్బాలో చెయ్యి పెట్టాను.

బియ్యం వెచ్చగా ఉన్నాయి. పసిబిడ్డ వీపంత వెచ్చగా.

చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను. అక్కడే, డబ్బా మీద వంగిపోయి, ఏడ్చాను. ఏడుస్తూనే చెప్పేశాను. వాళ్ళు ఏమడిగారో. నేనేమన్నానో. గుమ్మంలో ఎలా నిలబడ్డానో. రోకలితో బురద గీకిన సంగతి చెప్పేటప్పుడు నా గొంతు నాది కాదు.

ఆడవాళ్ళు గుండిగలు వదిలి తలుపు దగ్గరికి వచ్చారు. ఎసరు కుతకుతలాడుతోంది.

తాత నెమ్మదిగా అన్నాడు — "చూడమ్మా. బతికుంటే సాంగ్‌తే చేరుంటారు. అక్కడ తింటున్నారు. చచ్చిపోతే ప్రభువు దగ్గరున్నారు. అక్కడ ఆకలి లేదు. ఎట్లా చూసినా నీ బియ్యంతో వాళ్ళకి పనేముంది?"

"మరి ఆ పొయ్యెవరిది తాతా?"

తాత చొక్కా పై గుండీ తడుముకున్నాడు.

నేను మోత బుట్ట తీసుకున్నాను. డబ్బాలో బియ్యం బుట్టలోకి తోడడం మొదలుపెట్టాను. తాత మొహం ఎర్రబడింది.

"పిచ్చిదానా! దేవుడికిచ్చింది తీసుకెళ్ళి దయ్యాలకి పెడతావా?"

"దేవుడు నన్నెప్పుడూ అన్నం అడగలేదు. వాళ్ళడిగారు."

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలీదు. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోలేదు.

సగం తోడి, బుట్ట పట్టీ నుదుటికి వేసుకుని లేచాను. సూయి చిన్ వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "చస్తావే! మోకాలు నొప్పని నీళ్ళు కూడా మోయవు, ఇప్పుడు కొండెక్కుతావా!" అని తిడుతూనే బుట్టలో గరిటె దోపి, మీద ఒక గిన్నె బోర్లించింది. తన శాలువా తీసి నా మెడకి చుట్టింది. చేతికి కర్ర ఇచ్చింది. ఊరి చివరిదాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది.

నేను ఆగలేదు.

జారిన నేల మీద మొదటి అడుగు.

మట్టి మెత్తగా ఉంది. అడుగు వేస్తే లోపలికి తీసుకుంటోంది, ఆలోచించి వదులుతోంది. కర్ర దింపి చూసి, అడుగు. కర్ర దింపి చూసి, అడుగు. ముందు మంచు, వెనక మంచు. నా ఊపిరి నాకే ఇంకెవరిదోలా వినిపిస్తోంది.

ఒకచోట మట్టిలోంచి చెప్పు కనిపించింది. చిన్న చెప్పు. ఒకటే.

వంగి చూడలేదు. చూస్తే అక్కడే కూలిపోతాను.

దుబ్... దుబ్...

చప్పుడు ఆగింది. పొగ కళ్ళల్లో పడింది.

"వచ్చావా అక్కా?"

జింగ్ తియల్ గొంతు. ఆశ్చర్యం లేదు. నిష్ఠూరం లేదు. సంతకి పోయి ఆలస్యంగా వచ్చినదాన్ని పలకరించినట్టుంది.

కొండ అంతా జారినా, అక్కడ మాత్రం ఇంటి ముంగిలంత నేల మిగిలింది. ఎవరిదో పాత చేని గుడిసె, సగం కప్పుతో. దానికింద వాళ్ళు కూచుని ఉన్నారు. నడుందాకా ఎర్రమట్టి, ఎండి పగుళ్ళిచ్చింది. ముసలాయన ముందు రాతి గుంట. రోకలి అందులో ఉంది. గుంటలో ఏమీ లేదు.

"ఏం దంచుతున్నావు తాతా?"

"పిల్లలకి ఆ చప్పుడు వింటే అన్నం ఉడుకుతోందనిపిస్తుంది" అన్నాడు.

పొయ్యి ఉంది. మంట ఉంది. పక్కన చెయ్యి పెడితే వేడి తగిలిందో లేదో... నా చేతులు చలికి మొద్దుబారి ఉన్నాయి, చెప్పలేను. గిన్నె అందుకుంటున్నప్పుడు జింగ్ తియల్ వేళ్ళు నాకు తగిలాయి. చల్లగా ఉన్నాయి. నాలుగు రోజులు వానలో తడిసిన ఎవరి వేళ్ళయినా చల్లగానే ఉంటాయి. అలా అనుకున్నాను. అలా అనుకుంటూనే బియ్యం కడిగాను.

కడగబోయే ముందు చెయ్యి అలవాటుగా పిడికెడు తీసింది.

ఎక్కడ వెయ్యాలి? కుండ లేదు. పిడికిలి అలా గాల్లో ఆగింది. అందరూ నన్నే చూస్తున్నారు. మళ్ళీ గిన్నెలోనే వేశాను.

"బిడ్డ దగ్గడం లేదే?"

"నిద్రపోతోందక్కా."

శాలువాలో తల మాత్రం కనిపిస్తోంది. కదలడం లేదు. నిద్రపోయే బిడ్డ కదలదు.

అన్నం ఉడికింది. ముసలాయన ప్రార్థన చేశాడు. పొడుగాటి ప్రార్థన, మా హ్రాంగ్ కియో తాత చేసేదానికన్నా పొడుగు. ఇల్లు కాల్చినవాళ్ళ కోసం చేశాడు. దారి చూపించిన అక్క కోసం చేశాడు. నన్ను ఎక్కడ నరకాలో అక్కడ నరికాడు ఆ ముసలాయన, తనకి తెలియకుండానే.

ఆకుల్లో వడ్డించాను. పదకొండు ఆకులు.

చచ్చినవాళ్ళు తినరని మా అవ్వ చెప్పేది. ముందు పెట్టిన అన్నం ముందే ఉంటుందట, ఆవిరి మాత్రం పోతుందట. ఒక్కసారి తలెత్తి చూస్తే తెలిసిపోతుంది. నేను వచ్చింది కూడా, నిజం చెప్పాలంటే, అది తెలుసుకోడానికే. వీళ్ళని నేను చంపానా లేదా తెలుసుకోడానికే వచ్చాను.

తలెత్తలేదు.

గిన్నెలో గరిటె పెట్టి, నేల వైపే చూస్తూ అడిగాను — "ఇంకొంచెం పెట్టనా?"

ఒక ఆకు ముందుకి వచ్చింది. పెట్టాను. ఇంకో ఆకు. పెట్టాను. గిన్నె అడుగు గీకేదాకా పెట్టాను. ఆ సేపట్లో నేను చంపానా అన్న సంగతి మర్చిపోయాను. పెట్టడమే గుర్తుంది.

తర్వాత లేచి, బుట్ట భుజాన వేసుకుని అన్నాను — "ఇక్కడుండొద్దు. నాతో రండి. ఇవాళ మందిరం తెరుస్తున్నారు."

"మేం రావచ్చా అక్కా?" జింగ్ తియల్ అడిగింది. "బురదగా ఉన్నాం."

సూయి చిన్ శాలువా తీసి బిడ్డ మీద కప్పాను. కప్పేటప్పుడు కళ్ళు మూసుకున్నాను.

"నా అడుగుల్లో అడుగులు వెయ్యండి" అన్నాను.

ముందు నేను నడిచాను. వెనక వాళ్ళు. మొదట అడుగులు వినిపించాయి. గుసగుసలు వినిపించాయి. సగం దూరం వచ్చాక ఏమీ వినిపించలేదు. మట్టి చప్పుళ్ళని తాగేస్తుంది కదా.

వెనక్కి తిరగలేదు. బైబిల్లో వెనక్కి తిరిగి ఉప్పుస్తంభమైపోయిన లోతు భార్య గుర్తొచ్చి కాదు. తిరిగితే ఒక్కరు తక్కువైనా నేను తట్టుకోలేను.

ఊరు వచ్చింది. కుక్కలు మమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్నాయి. మొరగలేదు. మందిరంలో పాట వినిపిస్తోంది. కొత్త తలుపులు బార్లా తీసి ఉన్నాయి. కొత్త నేల అద్దంలా మెరుస్తోంది.

ఎర్రబురద కాళ్ళతో గుమ్మం దాటి లోపలికి నడిచాను. వెనక వచ్చేవాళ్ళకి అడ్డం కాకుండా పక్కకి జరిగి, గోడకి ఆనుకుని నిలబడ్డాను.

పాట ఆగిపోయింది.

అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు. నేను అటు తిరక్కుండా మా ఊరివాళ్ళ మొహాలు చూస్తున్నాను. ఏ మొహంలోనూ ఏమీ చదవలేకపోయాను. ఎవరూ కేక వెయ్యలేదు. ఎవరూ పారిపోలేదు. ఒక పిల్ల తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది, అంతే.

హ్రాంగ్ కియో తాత కళ్ళద్దాలు తీశాడు. చొక్కాకి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎంతమంది?" అని నన్నడిగాడు.

"పదకొండు మంది. ఇప్పుడే తిన్నారు తాతా... సాయంత్రానికి మళ్ళీ ఆకలేస్తుంది."

మంచు గుమ్మంలోంచి లోపలికి వస్తోంది.

"జరగండమ్మా" అన్నాడు చివరికి. "అందరూ కాస్త జరగండి."

బల్లలు కిర్రుమన్నాయి. అందరికన్నా ముందు జరిగింది సూయి చిన్. లుంగీ అంచు దగ్గరికి లాక్కుని, పక్కన చోటు చేసి, ఆ చోటు వైపు మొహం తిప్పింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. అయినా రెండు చేతులూ చాచింది.

"పిల్లని ఇట్లా ఇవ్వు తల్లీ. ఎంతసేపని మోస్తావు?"

నేను ఇంకా ఆమె చేతుల వైపే చూస్తున్నాను. ఖాళీ చేతులు, గాల్లో చాచి ఉన్నాయి.

అవి మెల్లగా, ఒక పసిబిడ్డ బరువంత, కిందికి దిగాయి.